కొసరుగా తెచ్చిన రబ్బరు చెయ్యి

తిరుపతిలో మా నర్సింగ్ కాలేజీకి శిక్షణ బొమ్మ కొన్నప్పుడు, ఆఫీసు కొనుగోళ్లు చూసే నేనాడిన బేరం ఎక్కడైనా గొప్పగా చెప్పుకోదగ్గది. గుండె ఆగినవాళ్లను బతికించడం నేర్చుకోడానికి, ఛాతీ నొక్కితే లోపలికి పోయే, నాడి కొట్టుకునే నిలువెత్తు బొమ్మ అది. అమ్మడానికి వచ్చినాయన ధరల కాగితంలో చివరి వరుస: టీచర్లకు రెండు రోజుల శిక్షణ.

"మా మేడములకు పాఠం చెప్పేది నువ్వు నేర్పిస్తావా? కొట్టెయ్ అప్పా," అన్నాను.

కొట్టేయించి, కొసరుగా సూది వేయడం నేర్చుకునే రబ్బరు చెయ్యి లాక్కున్నాను. చిత్తూరులో నాయన చీరల అంగట్లో పెరిగినవాణ్ణి. కొసరు లేనిదే బేరం ముగిసినట్టుండదు.

బొమ్మ వచ్చింది. ఒకరు నొక్కుతుంటే నలభై మంది చూసేవాళ్లు. తప్పు చేస్తే అందరి ముందే తిట్లు. నగరి మరమగ్గాల ఇంటి పిల్ల ఒకతి రెండుసార్లు తిట్లు తిని, మూడోసారి బొమ్మను ముట్టనే లేదు. చదువు మానేస్తానని ఆఫీసులో నా బల్ల మీద కాగితం పెట్టింది.

దాన్ని సీనియర్ మేడమ్‌కు చూపించాను.

"ఈ బిడ్డకు చేతగాక కాదు సార్. బొమ్మతో నేర్పించేది మాకే రాదు. మీరు కొట్టేయించినారే, ఆ రెండు రోజులు దానికే."

ఆ కాగితాన్ని తన దగ్గరే ఉంచుకుని, సెలవు పెట్టి, సొంత డబ్బుతో వేరే ఊరి ఆసుపత్రికి పోయి నేర్చుకొచ్చింది. వచ్చాక ఆరుగురినే పిలిచింది. వాళ్లలో ఆ పిల్ల ఉంది. మొదట నొక్కమన్నది నన్ను! నిమిషానికే ఒగర్చాను. మేడమ్ అందరినీ కూర్చోబెట్టి, "నొక్కేటప్పుడు ఏమనుకున్నారు సార్?" అంది.

"ఎప్పుడు ఆపమంటారా అని."

పిల్ల నవ్వింది. "మోచేతులు వంగినాయి సార్, అందుకే అలుపు."

"తెలిసుండీ నువ్వు ఎందుకు ఆగిపోయినావు మే?"

"మళ్లా తిడతారని, మేడమ్."

"తిట్టను. ఇప్పుడు నొక్కు."

నొక్కింది. మాట్లాడుకున్నారు. మళ్లీ నొక్కింది. నాలుగోసారికి ఆగలేదు. చీర మడత నాయన నాకు నేర్పింది అచ్చం అలాగే: విప్పు, ఎక్కడ తప్పిందో చెప్పు, మళ్లీ మడువు. నాకు తెలిసిన విద్యనే నేను దండగ కింద కొట్టేయించానని, ఆమెను చూస్తుంటే అర్థమైంది. సాయంత్రం ఆ పిల్ల తన కాగితం అడిగి తీసుకుని చించేసింది.

ఇక లెక్క. మిగిలింది, రెండు రోజుల శిక్షణ ధర. పోయినవి, మేడమ్ బస్సు ఛార్జీలు, సెలవులు, ఒక పిల్ల రెండు నెలల భయం. ఛార్జీలు ఇచ్చేశాను. మిగతావి ఇవ్వడం నా చేతిలో లేదు. రబ్బరు చెయ్యి పెట్టె ఇంకా విప్పలేదు. అలాంటివి మాకు ముందే మూడున్నాయి.