ఆదివారం కొలిచిన నీళ్ళు

మా ఇంజనీరు గారు పోయారని కడప నుండి కార్డు వచ్చింది. "ఎవరినీ శ్రమ పెట్టకుండా నిద్రలోనే పోయారు" అని ఆయన కొడుకు రాశాడు. బతికినన్నాళ్ళూ అందరినీ శ్రమ పెట్టిన మనిషి ఆయన. తలపాగాలోనే పెన్సిలు దోపుకొని, దానికోసం పల్లెంతా వెతికించేవారు. మజ్జిగలో ఉప్పెక్కువైతే చెప్పకుండా తాగడం ఆయనకు చేతకాదు.

ఆయన నాకు చుట్టం కారు, మా మతంవారూ కారు. నేను మిషను బడిలో చదువుకొని, కమలాపురం దగ్గర మా పల్లె బడికే పంతులమ్మగా వచ్చిన కొత్తలో, ఆయన బావుల పని చూసే ఇంజనీరుగా ఆ తాలూకాకు వచ్చారు. "ఎవరిని చూసి బతకడం నేర్చుకున్నావు అవ్వా?" అని మనుమరాళ్ళు అడుగుతుంటారు. ఏ భక్తురాలి పేరో చెబుతాననుకుంటారు. నేను ఈయన సంగతి చెబుతాను.

అప్పటికి రెండేళ్ళుగా వానల్లేవు. ఆడపిల్లలంతా తెల్లవారగానే కడవలెత్తుకొని, ఎండిన వంక ఇసుకలో చెలమలు తోడడానికి పోయేవారు. బడిలో నేను, నల్లబల్ల, ముగ్గురు మగపిల్లలు మిగిలాం. పిల్లలు లేని బడిని ఏడాది చివర మూసేస్తామని పైవాళ్ళు చెప్పిపోయారు. పల్లెలో మంచినీళ్ళ బావి పడితేనే నా బడి నిలిచేది.

ఇంజనీరు గారు వచ్చిన రోజే పైరుకే చాలీచాలని రెండు సేద్యపు బావుల్లో తాడు దించారు. తూర్పున ఉన్నది మా చర్చి సంఘ పెద్దది, పడమర ఉన్నది రెడ్డిది. తాడుకు మూరకొక ముడి, కొసన రాయి. తడిసిన ముళ్ళు ఎన్నో నీటి లోతు అన్ని మూరలు. సంఘ పెద్దగారి బావిలో పదకొండు ముళ్ళు తడిశాయి, రెడ్డి బావిలో నాలుగే. "తూర్పునే తవ్వండి" అన్నారు.

ముప్పై అడుగులు తవ్వితే బండ. దాన్ని పగలగొడితే కింద ఇంకో బండ. చుక్క నీరు లేదు.

"ఏమప్పా ఇంజనీరూ, నీళ్ళు యాడ?" అన్నాడు సంఘ పెద్ద. "బండ మాత్రం శానా బాగుండాది. నా సమాధికి ఒక పలక తీసిపెట్టు."

అందరూ నవ్వారు. నా బడి ఆ గుంతలో పడినట్టే కనుక నాకు నవ్వు రాలేదు. అప్పటికే నా నోటికి మంచి పేరు లేదు.

"అయ్యా, మీరు కొలిచింది ఏ వారం?"

"ఆదివారం. ఏమమ్మా?"

"ఆదివారం ప్రార్థన దినం, మావాళ్ళు ఎద్దులతో నీళ్ళు తోడే కపిల కట్టరయ్యా. శనివారం మాపటి నుంచి ఎద్దులకూ సెలవే, బావికీ సెలవే. ఊరిన నీళ్ళు ఊరినట్టే ఉంటాయి. రెడ్డి ఎద్దులకు ఆదివారం యాడిది? పొద్దున్నుంచీ తోడుతానే ఉండారు. తోడుతాంటే కూడా నాలుగు ముళ్ళు నిలిచిన బావి గొప్పదా, నిద్రపోయి లేచిన బావి గొప్పదా?"

ఇరవై ఏళ్ళ ఆడది పదిమందిలో అన్న మాట అది. ఇంకో అధికారి అయితే నా బడి మూయించడానికి ఏడాది చివరిదాకా ఆగేవాడు కాదు. ఈయన తాడు చుట్ట చుట్టారు. తరువాత అందరికీ వినబడేలా, "తప్పు నాది. పంతులమ్మ చెప్పిందే నిజం" అన్నారు. తాలూకా కచేరీకీ అదే మాట రాసి పంపారు. తప్పును నేల మీదికి తోసేయవచ్చు, నేల ఎదురు చెప్పదు. ఆయన తోయలేదు.

తాడు నా చేతికిచ్చారు. "వారం దినాలు మాపటేళ, తోడడం అయినాక కొలువమ్మా. నాకు అంకె మొదట చెప్పొద్దు. ఎప్పుడు కొలిచినావో మొదట చెప్పు."

శనివారం సాయంత్రానికి సంఘ పెద్దగారి బావిలో రెండు ముళ్ళు, రెడ్డి బావిలో నాలుగు. "ఏమ్మే, నా బావి పరువు తీస్తాండావా?" అని సంఘ పెద్ద నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నెల నాకు ప్రశాంతంగా గడిచింది.

పడమర తవ్వితే పద్దెనిమిది అడుగులకే ఊట. కడవలు నిండాక ఆడపిల్లలు బడికి వచ్చారు. బడి నిలిచింది. ఇంజనీరు గారికి ఆ ఏడు రావలసిన పెద్ద ఉద్యోగం మాత్రం రాలేదు. "మీ తప్పు మీరే రాసుకున్నందుకా అయ్యా?" అని అడిగాను.

"నీళ్ళు పడినాయి కదమ్మా, ఆ పంచాయితీ మనకేల?" అన్నారు.

ఎండిన గుంతలోని బండను మాత్రం వదల్లేదు. ఒక పలక తీయించి, సంఘ పెద్ద సమాధికి కాకుండా మా బడి వాకిట్లో మెట్టుగా వేయించారు. "పిల్లలు దినామూ నా తప్పును తొక్కి లోపలికి పోనీ" అన్నారు. ఎంతమంది తొక్కారో, నడుమ నున్నగా అరిగింది. నేనూ నా తప్పులను పిల్లల ముందే నల్లబల్ల మీద దిద్దుకుంటూ వచ్చాను. పంతులమ్మకు తప్పులుండవనుకునే పిల్లలు నా బడిలో తయారు కాలేదు.

కార్డు అందిన సాయంత్రం, ఆఖరి కడవ ఇంటికి పోయేదాకా బావి దగ్గర కూర్చున్నాను. తరువాత ఆయన నాకిచ్చిన ఆ ముళ్ళ తాడు దించాను. పిల్లలు రాసుకునే పలక మీద మొదట వేళ రాశాను, దాని కింద ముళ్ళు. తాడును బడి తలుపు పైనున్న కొక్కేనికి తగిలించాను. చీకటి పడుతున్నా దాని కొస నుండి నీళ్ళు, బొట్టు వెనక బొట్టు, ఆ మెట్టు మీద పడుతూనే ఉన్నాయి.