రాజవ్వ రంగు

ఈ ఉదయం వంటింట్లో గుడ్డు పగలగొడితే మురిగిన వాసన గుప్పుమంది. కోడలు ముక్కు మూసుకొని కిటికీ తెరిచింది. నేను మాత్రం ఆ వాసనను ఇంకోసారి పీల్చాను. డెబ్బైల చివర్లో, మట్టెవాడలోని ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో రోజూ పీల్చిన వాసన అది. ఆ గది సువార్తక్కది. నలుపు తెలుపు ఫోటోలకు గోధుమరంగు ఎక్కించడంలో అంతటి పనిమంతురాలిని మళ్లీ చూడలేదు. ఫోటోను ఒక మందులో ముంచితే బొమ్మ వెలిసిపోయేది. కంపు కొట్టే రెండో మందులో వేస్తే గోధుమరంగులో తిరిగి తేలేది. అది తేలేదాకా ఆమె మాట్లాడేది కాదు, నన్ను మాట్లాడనిచ్చేది కాదు.

ఆమె దగ్గర చేరిన ఏడాదికి, ఇరవై మూడేళ్లకే, నాకు పని వచ్చేసిందన్న గర్వం కలిగింది. అప్పుడే రఘునాథపల్లి నుంచి కొమురయ్య అనే రైతు వచ్చాడు. భార్య రాజవ్వ జ్వరంతో పోయి నెలయింది. ఆమె ముఖం మిగిలింది ఏదో పెళ్లిలో తీసిన గ్రూప్ ఫోటోలోనే. దాన్ని పెద్దది చేసి ఇమ్మన్నాడు. సువార్తక్క ఆ రోజు చర్చి పని మీద సెలవు పెట్టింది. నేనే పని అందుకున్నాను. ఎవరూ అడగకుండానే రాజవ్వ ముఖాన్ని తెల్లబరిచాను, బుగ్గ మీది పుట్టుమచ్చ చెరిపేశాను. యజమాని మెచ్చుకున్నాడు. కొమురయ్య పటాన్ని ఒకసారి చూసి తీసుకుపోయాడు.

పది రోజులకు దాన్ని గుడ్డలో చుట్టుకొని తిరిగొచ్చాడు.

"మా చిన్నబిడ్డ గీమె ఎవలు అని అడుగుతాంది అక్కా. నాకు చెప్పరాలే," అన్నాడు.

సువార్తక్క పటాన్ని చూసింది, నన్ను చూసింది. యజమాని "తీస్కపోయేటప్పుడు చూసుకున్నడు గద," అని గొణిగాడు.

"తప్పు నాది. మళ్ల నేనే చేస్త," అని సువార్తక్క ఆయన మాటను అక్కడే ఆపేసింది. తర్వాత కొమురయ్యను కూర్చోబెట్టి, "ఇంట్ల ఆమె పోలిక ఎవలకొచ్చింది అన్నా?" అని అడిగింది.

"పెద్దబిడ్డకు. రంగు సుత అదే."

"రేపు జర తోలుకరా."

మర్నాడు ఆ పిల్లను కిటికీ వెలుగులో కూర్చోబెట్టింది. పుట్టుమచ్చ ఉంచి మళ్లీ చేసిన తడి ఫోటోలను ఒక్కొక్కటీ ఆ బుగ్గ పక్కన పట్టి రంగు పోల్చి చూస్తూ నాలుగు పక్కన పడేసింది. ఐదో దాంట్లో తల్లిని గుర్తుపట్టి పిల్ల, "మా అవ్వనే," అంది. కొమురయ్య గోడ వైపు తిరిగి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

వాళ్లు వెళ్లాక తిట్ల కోసం ఎదురుచూశాను. తిట్టలేదు. నేనే, "అందంగ ఉంటదని చేసిన అక్కా," అన్నాను.

"ఆమె అందంగ లేదని నీకెవలు చెప్పిండ్రు?" అంది చేతులు కడుక్కుంటూ.

సువార్తక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు రంగు ఫోటోను నలుపు తెలుపు చేయడం, దానికి గోధుమరంగు ఎక్కించడం కంప్యూటర్లో నిమిషాల పని. అయినా నా స్టూడియోకు ఎవరైనా పోయినవాళ్ల ఫోటో తెస్తే వెంటనే మౌస్ పట్టుకోను. కుర్చీ వేస్తాను. ఆ మనిషి ఎలా ఉండేదో చెప్పమంటాను. వాళ్లు చెప్పడం అయ్యేదాకా వింటాను.