చేరిందో లేదో చెప్పని లైను

ఏన్కూరు అవతల అడవిలో ఉన్న మా ఊరి దవాఖానాకు, టెలిఫోన్ లైన్‌మన్‌గా నేనే స్తంభాలెక్కి వేసిన పాత కంప్యూటర్ లైను పీకేసి ఆరేళ్లయింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు. అది నెమ్మదే, గాలివానకు తెగేది కూడా. కానీ మనం పంపిన కబురును దారిలో ప్రతి ఎక్స్ఛేంజీ అవతలిది "అందింది" అనేదాకా మళ్లీ మళ్లీ పంపేది.

ఇవాళ పొద్దున మా ఇంటామెకు గుండెలో నొప్పి వచ్చింది. దవాఖానాకు తీసుకుపోతే నర్సమ్మ ఈసీజీ తీసి, కొత్త నెట్‌లో ఖమ్మం డాక్టరుకు పంపింది.

"చేరిందా బిడ్డా?" అని అడిగాను.

"పంపిన తాతా. చేరిందో లేదో ఇది చెప్పదు, తెర మీద చక్రం గిట్లనే తిరుగుతాంది. ఫోన్ గూడ కలుస్తలేదు. జర కూసో."

పాత లైనుంటే చేరిందో లేదో ఈపాటికి తెలిసేదని గొణుగుతూ మా ఇంటామె చెయ్యి పట్టుకున్నాను. నొప్పిలోనూ ఆమె, "నీ పాత లైనైతే ఇది రేపటికి చేరేది, ఊకో" అంది.

గంట తర్వాత, జల్దీ తీసుకురమ్మని జవాబొచ్చింది. ఇప్పుడు ఖమ్మంలో ఆమె మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. గండం ఇంకా గడవలేదంటున్నారు.

ఇది చదివేవాళ్లూ, మీ ఊళ్లో నెట్ ఎట్లుందో మీరూ రాయండి. లైను ఆఫీసువాళ్లూ, వేగం మీరే ఉంచుకోండి. చేరిందో లేదో చెప్పే లైను మాకెప్పుడిస్తారో సోమవారంలోపు చెప్పాలి. ముందు ఈ మాట మీకు అందిందని చెప్పండి.