మిరప ఘాటు కాదు

బసవమ్మతో పెట్టుకుంటే కోరి తలనొప్పి తెచ్చుకున్నట్టేనని జగ్గయ్యపేట చుట్టుపక్కల మిరప కల్లాల్లో అందరికీ తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, పుల్లలా ఉంటుంది. కాయలకు ముచ్చికలు తీయడానికి కూర్చుందంటే ఆమె ముందు పోగు చూసి వయసు పిల్లలు కూడా నోరెళ్లబెట్టాల్సిందే. బస్తా మాత్రం ఎత్తదు. ఎత్తమన్నవాడికి బదులు కూడా చెప్పదు, అలా చూస్తుందంతే. ఇరవై ఒక్క రోజులకోసారి పని మానేసి నందిగామ బస్సెక్కుతుంది. తుంటికి సూది వేయించుకుని, కుంటుకుంటూ తిరిగొస్తుంది. పద్నాలుగేళ్లుగా ఒక్క సూది కూడా తప్పలేదు.

ఆ సూది కథ మొదలైంది కల్లంలోనే. తొమ్మిదేళ్లప్పుడు గొంతు నొప్పెట్టి గుటక పడకపోతే, "మిరప ఘాటేలే" అని తల్లి బెల్లం ముక్క నోట్లో పెట్టింది. కాయలు ఎండే రోజుల్లో ఆ ఊళ్లో మండని గొంతేది? ఎవరికీ అనుమానం రాలేదు. రెండు మూడు వారాలకు మోకాలు వాచింది. అది తగ్గితే మోచెయ్యి. అదీ తగ్గాక అందరూ మర్చిపోయారు. పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం ముంచుకొచ్చింది. చిన్నప్పటి ఆ గొంతు జబ్బే గుండె వాల్వును పాడుచేసిందని విజయవాడలో చెప్పారు. అది మళ్లీ తిరగబెట్టకుండా అప్పట్నుంచే ఈ సూది. బిడ్డ దక్కలేదు. బసవమ్మ దక్కింది.

అందుకే మొన్న ఫిబ్రవరిలో తమ్ముడి కూతురు జెరూషా కల్లంలోకి వచ్చి ఒళ్లో వాలి, "అత్తా, గుటక పడట్లేదే" అనగానే బసవమ్మ చేతిలో కాయ జారిపోయింది. ఆ పిల్లకీ సరిగ్గా తొమ్మిదేళ్లే.

ముఠా మేస్త్రి ఆ తమ్ముడు నెహెమ్యానే. కూతుర్ని చూసి తేలిగ్గా తీసుకున్నాడు. "ఘాటక్కా. ఇంత బెల్లం పెట్టు, అదే పోద్ది."

"ఘాటైతే తుమ్ములు రావాలి, దగ్గు రావాలి, ముక్కు కారాలి. దీనికి దగ్గేదిరా? ఒళ్లు కాలిపోతా ఉంది. దవడ కింద గడ్డలు చూడు!"

"సాయంత్రానికి లారీ వస్తా ఉంటే ఇప్పుడు నందిగామ ఏందక్కా?"

"నీ లారీ నువ్వే నింపుకో పో!"

పైటతో పిల్ల తల చుట్టి, రోడ్డు మీదికి నడిపించి బస్సెక్కించింది. నందిగామలో ఆమెకు సూది వేసే డాక్టరమ్మ లైటు వేసి పిల్ల గొంతు చూసింది. ఎర్రగా వాచి, తెల్లటి మచ్చలు కట్టి ఉంది. పది రోజులకు మాత్రలు రాసి, "జ్వరం తగ్గినా ఆపొద్దు బసవమ్మా. గుండె దాకా పోకుండా ఉండాలంటే పదిరోజులూ పడాల్సిందే" అంది.

నాలుగో రోజు మధ్యాహ్నం బసవమ్మ తమ్ముడింటికి వెళ్లేసరికి జెరూషా వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతోంది. హమ్మయ్య అనుకుంటూ లోపలికెళ్లి అలమరలో మాత్రల అట్ట తీసి చూసింది. పొద్దుటి మాత్ర అలాగే ఉంది.

నెహెమ్యా అన్నం తింటున్నాడు. "తగ్గిందిగా అక్కా. గెంతులేసే పిల్లకి ఇంకా మందులేంది? నీకు ప్రతిదీ గుండెజబ్బులాగే కనపడుద్ది."

బసవమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కంచం ముందునుంచి వాణ్ణి రెక్క పట్టుకు లేపింది. వీపు తిప్పి నిలబడి, "ఇక్కడ చెవి పెట్టు" అంది.

"ఊరుకో అక్కా, ఎవరన్నా చూస్తే..."

"పెట్టరా!"

ఎంగిలి చెయ్యి దూరంగా పట్టుకుని, అక్క వీపు మీద ఎడమ రెక్క కింద చెవి ఆనించాడు నెహెమ్యా. కొట్టుకుంటున్న గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య బుస్సుమంటూ ఏదో చప్పుడు, ట్యూబులోంచి గాలి పోతున్నట్టు. తోడబుట్టిన మనిషి గుండె అలా మోగుతుందని వాడికి ఇన్నాళ్లూ తెలియదు.

"ఏందక్కా ఆ చప్పుడు?"

"నాక్కూడా నాలుగో రోజుకి జ్వరం తగ్గిందిరా. నేనూ తొక్కుడుబిళ్ల ఆడుకున్నా."

నెహెమ్యా చెయ్యి కడుక్కుని, గ్లాసుతో నీళ్లు ముంచి, కూతుర్ని పిలిచి మాత్ర చేతిలో పెట్టాడు.

బసవమ్మ ఇంటికి పోలేదు. గడప దగ్గరే చాప పరుచుకుని కూర్చుంది. "ఈ పిల్ల ఆఖరి మాత్ర మింగేదాకా ఇక్కడే ఉంటా. నీ కూడే తింటా. తిట్టుకుంటావో ఏడుస్తావో నీ ఇష్టం" అంది.