పిన్ని తిట్టని తిట్టు

పిల్లల పుస్తకాలకిచ్చే ఒక అంతర్జాతీయ బహుమతి తుది జాబితాలో నా బొమ్మల పుస్తకం ఉందని మెయిల్ వచ్చిన రోజు, రాజమహేంద్రవరంలో ఆటో ఎక్కడం కూడా మరిచిపోయి ఇంటిదాకా నడిచేశాను. మర్నాడే పుస్తకం సంచిలో వేసుకుని ఆత్రేయపురం బస్సెక్కాను. పిన్నికి చదివి వినిపించాలి. కథ ఆవిడదే. ఆవిడకేమో చదవడం రాదు. అమ్మ పోయాక పూతరేకులు చేసి నన్ను పెంచింది పిన్నే.

నేను వెళ్ళేసరికి బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంది. కింద కొబ్బరాకుల మంట. బియ్యప్పిండిలో ముంచిన పల్చటి గుడ్డను కుండమీద ఒక్కసారి లాగితే రేకు తయారవుతుంది.

"చెయ్యి ఆపలేను గానీ చెవులు ఖాళీయే. చదువు" అంది.

కథలో ఒక చిన్నపిల్ల మొదటిసారి రేకు తీయబోయి చింపేస్తుంది. పిన్ని తిడుతుంది. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చి, చివరికి పని నేర్చుకుంటుంది. ఆ ఏడుపు పేజీ న్యాయనిర్ణేతలకు తెగ నచ్చిందని మెయిల్‌లో రాశారు. అందుకని తిట్టు దగ్గర గొంతు పెంచి కాస్త ఎక్కువే నటించాను.

పిన్ని చెయ్యి ఆగిపోయింది. కుండమీద రేకు మాడిపోయింది.

"నేను నిన్ను తిట్టానా?"

"కథ కోసం పిన్నీ. తిట్టకపోతే పిల్ల ఎందుకేడుస్తుంది?"

"రేకు చిరిగితే ఎవరైనా తిడతారటే? చిరిగిన ముక్కలు లోపల పెట్టి, మంచి రేకు పైన చుడతాం. నువ్వు చింపినవన్నీ అలాగే చుట్టాను. మర్చిపోయావేంటి?"

మరిచిపోలేదు. తెలిసే రాశాను. అందుకే తలెత్తలేకపోయాను.

"ఏ దేశం పిల్లలు చదివినా, నేను తిట్టే మనిషినే కదమ్మా" అని పొయ్యి వైపు తిరిగింది.

అక్కడినుంచే ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. పోటీలో ఉండగా పేజీ మార్చడం కుదరదండి, అన్నాడాయన. విసురుగా ఫోన్ పెట్టేశాను. పాపం ఆయన తప్పేముంది, నా కోపమంతా నామీదే. ఆ పూట పిన్ని కొసరి కొసరి వడ్డించింది కానీ, నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

బహుమతి వేరే దేశం పుస్తకానికి వెళ్ళింది. ఒక రోజంతా ఏడ్చాను, అబద్ధమెందుకు. తర్వాత రెండో ముద్రణ కోసం ఆ పేజీ మళ్ళీ రాశాను. బొమ్మ కూడా మార్పించాను. ఇప్పుడందులో పిల్ల చింపిన ముక్కల్ని పిన్ని ఏరి, నెయ్యి రాసి, బెల్లప్పొడి చల్లి, రేకు లోపల సర్దుతూ ఉంటుంది. పిల్ల ఆవిడ మోకాలికి ఆనుకుని చూస్తుంటుంది.

కొత్త పుస్తకం పట్టుకెళ్ళాను. పిన్ని చెంగుతో చేతులు తుడుచుకుని, ఆ పేజీ రెండుసార్లు చదివించుకుంది. పిల్ల బొమ్మ మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఇప్పుడిమ్మను, ఆ బహుమతి" అంది.