రెప్ప వాల్చిన కన్ను

లోగోలు గీసే ఆమెను ఆఫీసులో అందరూ గీతలక్క అంటారు. పెన్సిల్ జుట్టు ముడిలో దోపుకుని, దానికోసం బల్లంతా వెతుక్కుంటుంది. గీసిన ప్రతి బొమ్మనూ తలకిందులు చేసి చూసుకుంటుంది. ఈమధ్య సబ్బులవాళ్ళకైనా చెప్పులవాళ్ళకైనా లోగోలో ఏదో మహిమ కావాలి: నెలవంక, కిరణాలు, అరచేతిలో కన్ను. అడిగినవాళ్ళకల్లా విసుక్కోకుండా గీసిచ్చింది. పరుపుల కంపెనీ యజమాని కూడా ఆ కన్నే కావాలనేసరికి మాత్రం మొండికేసింది. "పరుపు మీద గుడ్లప్పగించి చూసే కన్నేంటి సార్? జనం పడుకోవాలా, కాపలా కాయాలా?" అంటూ రెప్పలు మూసిన కన్ను గీసి ఆయన ముందుకు తోసింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, కన్ను మూసిందంటే పోయినట్టు కదమ్మా! మా పరుపెక్కితే ఇక అంతేనా?"

గీతలక్క నాలుక్కరుచుకుంది. ఆ అర్థం ఆమెకు తట్టనే లేదు. "అడిగింది గీసిచ్చెయ్ అక్కా, బేరం పోతుంది," అని మేనేజరు గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. రెప్పను రబ్బరుతో చెరిపింది, గీసింది, మళ్ళీ చెరిపింది. చివరికి సన్నని సందు మిగిల్చి, అందులోంచి కనుపాప అంచు మాత్రం కనిపించేలా దిద్దింది.

"మూయలేదు సార్, వాల్చాను. కునుకు పడుతోందంతే."

యజమాని కాగితాన్ని దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. ఆవులింత వచ్చింది.

గీతలక్క పెన్సిల్‌ను మళ్ళీ ముడిలో దోపుకుంది.