నేను సగమే అడిగిన ప్రశ్న

మా నాయన చివరి తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. మసీదులో నమాజు చదివించే హజరత్ వైద్యం ఆపొద్దన్నాడని, కొడుకు ఆఖరిదాకా పోరాడాడని బొమ్మనహళ్ళిలో మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలా నాకు పేరొచ్చింది, హజరత్‌కు నింద వచ్చింది. రెండూ తప్పే.

మేం ఇంట్లో తెలుగు మాట్లాడే ముసల్మానులం. నాయన పరుపులు కుట్టేవాడు. దూది దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. మిషన్ పెట్టినా బాధ పొడిగించడమేనని, ఇంటికి తీసుకెళ్తే ఆయాసం తెలియకుండా మందులిస్తామని డాక్టరమ్మ చెప్పింది. నాయన కూడా అదే అడిగాడు.

"ఇంటికి పిల్చుకపో అప్పా. కాబా దిక్కు, పడమటికి మొగం తిప్పి పండబెట్టు. గొంతు తడుపుతా పక్కన కల్మా చదువు. చాలు."

నాకు చాలలేదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక కంపెనీలో మేనేజర్ని. తండ్రిని వదిలించుకున్నాడంటారని భయం. మా హజరత్‌ను అడిగితే, ఫలితం లేని వైద్యం మానడం పాపం కాదు, సేవ మానడమే పాపమన్నాడు. నచ్చలేదు. యలహంకలో ఇంకొకాయనను అడిగాను. ఆయనా అంతే. కావలసిన జవాబు వచ్చేదాకా ప్రశ్న మార్చడం మా ఆఫీసులో నేర్చిన విద్య. మూడో ఆయనకు ఫోన్ చేసి, బతికే అవకాశమున్న మనిషికి వైద్యం ఆపొచ్చా అన్నాను. కూడదన్నాడు. ఎవరైనా అంటారు. "హజరత్ ఒప్పుకోలేదు" అని అందరికీ చెప్పాను. ఏ హజరత్ అని ఎవరూ అడగలేదు.

మిషన్ పెట్టించాక నా భక్తి పెరిగింది. ఫోన్‌లో దిక్సూచి చూసుకుని, మంచం కాబా వైపు లేదని నర్సుతో వాదించాను. గొట్టాలు అందవన్నా వినకుండా జానెడు జరిపించి, ఆ ఘనకార్యం ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మక్కా నుంచి బంధువులు తెచ్చిన జమ్‌జమ్ నీళ్ళు తీసుకెళ్ళాను. నాయన కళ్ళు సీసా మీదే ఉన్నాయి. నోట్లో గొట్టం. దూది తడిపి పెదవులకు అద్దమంది నర్సు. బతుకంతా దూదితో గడిపిన మనిషికి నేనిచ్చిన నీళ్ళు అవే. ఆయన పోయినప్పుడు పక్కన కల్మా చదివినవాడు లేడు. నేను కింద క్యాంటీన్‌లో ఎవరికో నా పోరాటం వివరిస్తున్నాను.

మొన్న మా వీధాయన వచ్చాడు. వాళ్ళమ్మ ఐసీయూలో ఉంది.

"మీ నాయనకు వైద్యం ఆపొద్దన్న మన హజరత్ నంబరుండాదా అప్పా?"

"మీయమ్మ ఏమంటాది?"

"ఇంటికి పోదామంటా ఉండాది. ఆయన వద్దంటే నాకూ ధైర్యం."

జరిగిందంతా చెప్పాను.

"అయితే ఇన్నాళ్ళూ మన హజరత్‌ను ఊరికే అంటిమే."

"నేనే అనిపిస్తిని."

నంబరు ఇవ్వలేదు. ఫ్రిజ్‌లోంచి ఆ జమ్‌జమ్ సీసా తెచ్చి ఇచ్చాను. అందులో తగ్గినది దూది పీల్చినంతే.

"గొట్టం పెట్టకముందే ఇయ్యి" అన్నాను.